ఓడ కదిలాక మీ ఫోన్ ఎవరి టవర్ మీద ఉంది?

ప్రశ్న: వచ్చే నెల మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారితో కలిసి పది రాత్రుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. మధ్యధరా సముద్రంలో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, టర్కీ రేవుల్లో ఓడ ఆగుతుంది. ఈ దేశాలన్నీ ఉన్న రోమింగ్ ప్యాక్ తీసుకుంటే ఓడలో కూడా నెట్ వస్తుందా? ఒకరేమో ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) చాలన్నారు, ఇంకొకరు ఫోన్ ఆఫ్ చేసి పెట్టెలో పడేయమన్నారు. ఓడ వైఫై ధర ఒక్కొక్కరికి రోజుకింత అని చూసి గుండె గుభేలుమంది. ఐదుగురికీ కొనాలా? మా నాన్నకి ఈమధ్యే ఆపరేషన్ అయింది. తమ్ముడు దగ్గరుండి చూసుకుంటున్నాడు. అవసరమైతే వాడు నాకు ఫోన్ చేయగలగాలి. ఇదే నా టెన్షన్. బ్యాంక్ ఓటీపీల సంగతి కూడా చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు తీసుకోబోయే ప్యాక్ ఆ ఐదు దేశాల్లో ఒడ్డున ఉన్నప్పుడే పనికొస్తుంది, నడిసముద్రంలో పనికిరాదు. వైఫై ఐదుగురికీ అక్కర్లేదు, మీ ఒక్కరి ఫోన్‌కి కొంటే సరిపోతుంది. ఫోన్ పెట్టెలో పడేయాల్సిన పని అసలే లేదు, మీ నాన్నగారి పరిస్థితిలో అది మంచిది కూడా కాదు.

క్రూయిజ్ నుంచి వచ్చాక బిల్లు తడిసి మోపెడైన వాళ్లలో చాలామంది డేటా పెద్దగా వాడి ఉండరు. ఫోన్ ఏ నెట్‌వర్క్ మీద ఉందో చూసుకోలేదు, అంతే. ఓడ ప్రయాణంలో ఫోన్‌కి మూడు దారులుంటాయి. రేవు ఊళ్లో ఉండే మామూలు టవర్ ఒకటి. ఓడ వైఫై ఇంకొకటి. మూడోది చాలామందికి తెలియదు: ఓడలోనే బిగించిన మొబైల్ టవర్. ఓడ లోపల చిన్న చిన్న యాంటెన్నాలుంటాయి, మీ ఫోన్ సిగ్నల్‌ని అవి అందుకుంటాయి, అక్కడి నుంచి అది ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి వెళ్తుంది. ఫోన్‌కి ఇది అచ్చం మామూలు టవర్‌లాగే కనిపిస్తుంది కాబట్టి మిమ్మల్ని అడక్కుండానే దాన్ని పట్టేసుకుంటుంది. కానీ ఈ నెట్‌వర్క్ ఏ దేశానికీ చెందదు. మీ ప్యాక్‌లో ఎన్ని దేశాల పేర్లున్నా ఇది ఆ జాబితాలోకి రాదు. ధర మామూలు రోమింగ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మీరు వాడకూడనిది ఈ మూడోదే.

యూరప్ సిమ్ ఉన్న బంధువులెవరైనా మీతో కలిస్తే వాళ్లకీ ఈ మాట చెప్పండి. 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య అదనపు రోమింగ్ చార్జీలు లేవు కదా అని వాళ్లు ధైర్యంగా ఉంటారు. ఆ వెసులుబాటు నేల మీది టవర్లకే. ఓడ టవర్‌కి వర్తించదు.

ఓడ రేవు నుంచి కదిలే వేళ ఏం జరుగుతుందో చూడండి. అందరూ పై డెక్ మీద నిలబడి ఫొటోలు తీస్తుంటారు. ఊరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, ఫోన్‌లో ఆ దేశపు కంపెనీ పేరే ఉంటుంది. కాసేపటికి మీరు కేబిన్‌లోకి వెళ్తారు. చుట్టూ అంతా ఇనుమే, ఒడ్డు సిగ్నల్ లోపలికి రాదు. అప్పుడు ఫోన్ ఇంకో నెట్‌వర్క్ కోసం వెతుకుతుంది, ఓడ యాంటెన్నా దొరుకుతుంది. తెర మీద ‘సెల్యులార్ ఎట్ సీ’ అనో, ‘టెలినార్ మారిటైమ్’ అనో, ఒక్కోసారి 901తో మొదలయ్యే అంకెలో కనిపిస్తాయి. 901 అంటే ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ నెట్‌వర్క్‌లకిచ్చిన కోడ్. అది కనిపించిందంటే వెంటనే ఫ్లైట్ మోడ్ నొక్కేయాలి.

ఒడ్డుకి ఎంత దూరంలో ఇది మొదలవుతుందంటే, యూరప్ నిబంధనల ప్రకారం తీరానికి 2 నాటికల్ మైళ్ల లోపు ఓడ టవర్ పనిచేయకూడదు. 2 నుంచి 12 నాటికల్ మైళ్ల మధ్య ఓడ లోపలి యాంటెన్నాలు మాత్రమే వాడొచ్చు. 2 నాటికల్ మైళ్లంటే నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. అంటే తీరం కళ్లెదురుగా ఉండగానే మీ కేబిన్‌లో ఓడ నెట్‌వర్క్ మొదలైపోవచ్చు. ‘సముద్రం మధ్యకి వెళ్లాక ఆపుదాంలే’ అనుకుంటే ఆలస్యమైపోయినట్టే.

ఫోన్ జేబులో ఉంటే మాత్రం ఖర్చేముంది అని అడగొచ్చు. మీరు ముట్టుకోకపోయినా ఫోన్ ఊరుకోదు. మెయిల్ చూసుకుంటుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, డెక్ మీద తీసిన ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించబోతుంది. మీ కుటుంబ వాట్సాప్ గ్రూపు సంగతి ఆలోచించండి. పొద్దున్నే పది శుభోదయం బొమ్మలు, రెండు వీడియోలు వచ్చి పడతాయి. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే మీరు నిద్ర లేవకముందే అన్నీ దిగిపోతాయి. పైగా ఓడలో వాడకం లెక్క మీ కంపెనీకి వెంటనే చేరదు, ఆలస్యంగా వెళ్తుంది. అందుకే ‘పరిమితి దాటారు’ అనే హెచ్చరిక మెసేజ్ వచ్చేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు. ఆ మెసేజ్‌ని నమ్ముకోవద్దు.

కాబట్టి ఓడ ఎక్కగానే, అది కదలకముందే, అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. తర్వాత వైఫై ఒక్కటి విడిగా ఆన్ చేసుకోవచ్చు. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా వైఫై పనిచేస్తుంది. డేటా రోమింగ్ ఒక్కటి ఆపితే చాలు కదా అని కొందరంటారు. చాలదు. డేటా ఆగుతుంది గానీ ఓడ టవర్ మీద కాల్ వస్తే, ఎత్తితే, దానికీ చార్జీ పడుతుంది. ఎత్తకపోయినా వాయిస్ మెయిల్‌కి మళ్లితే కొన్ని కంపెనీలు దానికీ వేస్తాయి. రెండూ చేయండి: సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆఫ్, పైన ఫ్లైట్ మోడ్ ఆన్. మీ అత్తగారి ఫోన్‌కి, పిల్లల ఫోన్లకి ఇది మరీ ముఖ్యం. పొరపాటున చెయ్యి తగిలి ఫ్లైట్ మోడ్ పోయినా డేటా మాత్రం కదలదు. సిమ్ ఉన్న ట్యాబ్, సొంత కనెక్షన్ ఉన్న స్మార్ట్ వాచ్ కూడా లెక్కలోకి వస్తాయి. వాచ్‌ని అందరూ మర్చిపోతారు.

ఇక వైఫై. ఓడ కంపెనీలు దీన్ని సాధారణంగా మనుషుల లెక్కన కాదు, పరికరాల లెక్కన అమ్ముతాయి. ఒక పరికరం ప్యాకేజీ అంటే ఒక సమయంలో ఒకటే కనెక్ట్ అవుతుంది. చాలా ఓడల్లో మీ ఫోన్‌లో లాగౌట్ అయి మీవారి ఫోన్‌లో లాగిన్ కావచ్చు. మీరు మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు ఆయన మెయిల్ చూసుకోవచ్చు, సాయంత్రం అత్తగారు కూతురితో మాట్లాడుకోవచ్చు. కొనేముందు ‘పరికరం మార్చుకోవచ్చా’ అన్న ఒక్క విషయం కనుక్కోండి. అలాగే ఓడ ఎక్కాక కొనకండి. ముందే కంపెనీ వెబ్‌సైట్‌లో, మీ బుకింగ్‌లోకి వెళ్లి కొంటే సాధారణంగా తక్కువకి వస్తుంది, మధ్యమధ్య ఆఫర్లు కూడా పెడుతుంటారు. కొన్ని కంపెనీల్లో ముందు కొన్నదాన్ని ప్రయాణానికి ముందు రద్దు చేసుకుని, ధర తగ్గినప్పుడు మళ్లీ కొనుక్కునే వీలుంటుంది.

రోజుకొక రేవులో ఆగే ప్రయాణంలో మామూలుగా అయితే నడిసముద్రంలో ఉండే ఒకటి రెండు రోజులకి మాత్రమే వైఫై కొనుక్కోమంటాను. మీ విషయంలో మాత్రం ఆ పొదుపు వద్దు. మీ నాన్నగారి కబురు రాత్రి రెండింటికి రావచ్చు. ప్రయాణం మొత్తానికి ఒకే పరికరం ప్యాకేజీ తీసుకుని, అది ఎక్కువ సమయం మీ ఫోన్‌లోనే ఉంచండి. ఖర్చు తగ్గించాల్సింది మిగతా నలుగురి దగ్గర.

ప్యాకేజీల్లో రకాలుంటాయి. మెసేజ్‌లకి, సోషల్ మీడియాకి సరిపోయేది చవక. సినిమాలు చూసే స్థాయిది ఖరీదు. మీకు కావలసింది వాట్సాప్ కాల్ కాబట్టి, చవక రకంలో కాల్స్ అనుమతిస్తారా లేదా అన్నది చూడండి. కొన్నింట్లో మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ కలవదు. అలాంటప్పుడు ఒక మెట్టు పైది కొనాలి. వేగం గురించి పాత అనుభవాలు విని భయపడకండి. అప్పట్లో ఓడలు నమ్ముకున్న ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండేవి. మాట అంత దూరం వెళ్లి రావడానికే అర సెకను పట్టేది, ‘హలో’ అంటే అవతలి ‘హలో’ దానికి అడ్డం పడేది. ఇప్పుడు చాలా ఓడలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వాడుతున్నాయి. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ 2022లో తన ఓడలన్నిటికీ దాన్ని పెడుతున్నట్టు ప్రకటించింది, తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ అదే బాట పట్టాయి. అలాంటి ఓడైతే వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది.

ఒక ఫోన్‌లో కొని హాట్‌స్పాట్‌తో అందరికీ పంచుకోవడం గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వీలవుతుంది, ఐఫోన్‌లో వైఫైని అలా పంచడం కుదరదు. చాలా ప్యాకేజీల నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. ఒక వైఫైని అందరికీ పంచే, జేబులో పట్టే ట్రావెల్ రూటర్‌ని కొన్ని కంపెనీలు నిషేధిత వస్తువుల జాబితాలో పెట్టాయి, తనిఖీలో దొరికితే తీసి పక్కన పెడతాయి. ఈ తలనొప్పి మీకెందుకు? పిల్లలకి, అత్తగారికి ప్యాకేజీ కొనకుండానే ఒక సదుపాయం ఉంది. ఓడ కంపెనీ సొంత యాప్ ఓడ వైఫై మీద ఉచితంగా పనిచేస్తుంది. రోజు కార్యక్రమాలు, భోజనం వేళలు, మ్యాప్ అన్నీ అందులో ఉంటాయి. చాలా యాప్‌లలో ఓడలో ఉన్నవాళ్లు ఒకరికొకరు మెసేజ్ పంపుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఆ చాట్‌కి కొంచెం రుసుము తీసుకుంటాయి. పిల్లలు ఏ డెక్ మీద ఉన్నారో కనుక్కోవడానికి అంతకంటే ఏం కావాలి? యాప్‌ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి, లాగిన్ అయి ఉంచండి.

మీ తమ్ముడి విషయానికొద్దాం. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్‌కి మామూలు కాల్ రాదు. కాబట్టి ‘వాట్సాప్‌లోనే చెయ్యి, ఎత్తకపోతే ఒక మెసేజ్ పెట్టు’ అని వాడికి గట్టిగా చెప్పండి. దీనికి తోడు వైఫై కాలింగ్ అనే సదుపాయం ఉంది. మీ నంబర్‌కి వచ్చే మామూలు కాల్ టవర్‌కి బదులు వైఫై మీదుగా మోగుతుంది. కొన్ని కంపెనీలు విదేశంలో ఉన్నా దీన్ని ఇంటి కాల్‌లాగే లెక్కిస్తాయి, కొన్ని విదేశం నుంచి అనుమతించవు, కొన్ని ఓడ ప్యాకేజీలు అడ్డుకుంటాయి. మీ కంపెనీని ముందే అడిగి తెలుసుకోండి. దొరికితే అదనపు లాభం అనుకోండి గానీ దాని మీదే ఆధారపడొద్దు.

ఒక పని మాత్రం తప్పక చేయండి. ఓడ పేరు, మీ బుకింగ్ నంబర్, కేబిన్ నంబర్, అత్యవసరంగా ప్రయాణికులకి కబురందించడానికి ఓడ కంపెనీ ఇచ్చే ఫోన్ నంబర్ తమ్ముడికి రాసివ్వండి. మీ ఫోన్ చార్జింగ్ అయిపోయినా, వైఫై పోయినా, ఆ నంబర్‌కి చేస్తే కంపెనీ ఓడకి తెలియజేస్తుంది, వాళ్లు మీ కేబిన్‌కి కబురు చేరుస్తారు. ఏ రోజు ఏ రేవులో ఉంటారో ఆ పట్టిక కూడా పంపండి. ఇవన్నీ ఉంటే రోజూ ఒకే వేళకి పది నిమిషాలు మాట్లాడుకుంటే సరిపోతుంది. నాన్నగారు బాగున్నారో లేదో గంటగంటకీ ఫోన్ చూసుకునే అవసరం ఉండదు.

ఓటీపీల సంగతి కొంచెం చిరాకైనదే. నడిసముద్రంలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి మామూలు ఎస్ఎంఎస్ రాదు. వైఫై కాలింగ్ ఉన్నవాళ్లకి కొన్ని కంపెనీల్లో ఎస్ఎంఎస్ కూడా వైఫై మీద వస్తుంది, అది ఇంట్లోనే పరీక్షించి చూసుకోవచ్చు. మీ బ్యాంక్ ఈమెయిల్‌కి ఓటీపీ పంపే వీలిస్తే అది పెట్టుకోండి. మెయిల్, ఇతర ఖాతాలకి అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌ని ఫోన్‌లోనే తయారుచేసే యాప్) పెట్టుకుంటే దానికి నెట్ కూడా అక్కర్లేదు. బిల్లులు, ఫీజులు, ఈఎంఐలు వెళ్లకముందే కట్టేయండి. ఓడలో చేసే ఖర్చంతా సాధారణంగా మొదట్లో జతచేసిన కార్డు మీదికి వెళ్తుంది కాబట్టి అక్కడ మాటిమాటికీ ఓటీపీ రాదు. తప్పనిసరి లావాదేవీ ఏదైనా ఉంటే రేవులో దిగాక చేయండి. సొంత సిమ్ ఆన్ చేసి, దాని డేటా ఆఫ్‌లోనే ఉంచి, ఎస్ఎంఎస్ తీసుకోండి. వచ్చే ఎస్ఎంఎస్‌కి చాలా కంపెనీలు చార్జీ వేయవు.

రేవుల్లో మీకు ఈ-సిమ్ బాగా పనికొస్తుంది. అది చాలన్న స్నేహితులు సగం నిజం చెప్పారు. ఓడ దిగాక చవగ్గా డేటా కావాలంటే అదే మేలు. ముందే డబ్బు కట్టిన ప్లాన్ కాబట్టి అయిపోతే ఆగిపోతుంది, తర్వాత బిల్లు రాదు. అయితే ‘యూరప్’ అని పేరున్న ప్లాన్‌లో టర్కీ ఉంటుందని అనుకోవద్దు. కొన్ని ప్లాన్లలో ఉండదు. పేరు వదిలేసి దేశాల జాబితా చదవండి. ఒక ప్లాన్ మీ ఫోన్‌లో వేసుకుని, ఊళ్లో తిరిగేటప్పుడు దాని హాట్‌స్పాట్‌ని మిగతావాళ్లకి ఇవ్వొచ్చు. చాలా ప్లాన్లు దీన్ని అనుమతిస్తాయి. మీ ఫోన్ ఏదో ఒక కంపెనీకి లాక్ అయి ఉండకూడదు, ఈ-సిమ్‌ని ఇంటి వైఫై మీదే ఎక్కించుకోవాలి. గడువు ఎప్పుడు మొదలవుతుందో చూసుకోండి: కొన్నింటికి ఎక్కించిన రోజు నుంచి, కొన్నింటికి మొదటిసారి నెట్‌వర్క్ దొరికినప్పటి నుంచి. వాట్సాప్ మీ పాత నంబర్ మీదే నడుస్తుంది, మార్చమని అడిగితే వద్దనండి.

రెండు సిమ్‌లున్నప్పుడు ఒక చిక్కుంది. ఐఫోన్‌లో ‘అలో సెల్యులార్ డేటా స్విచింగ్’ అని ఒక మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఈ-సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ మీ సొంత సిమ్ డేటాకి మారిపోవచ్చు. ఆఫ్ చేయండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి ఆటో స్విచ్ ఉంటుంది. ఇంకోటి, గ్రీస్ దీవుల్లో కొన్ని టర్కీ తీరానికి మరీ దగ్గర. రోడ్స్, కోస్ లాంటి చోట్ల గ్రీస్‌లో నిలబడి ఉన్నా ఫోన్ టర్కీ టవర్‌ని పట్టుకోవచ్చు. అలాంటప్పుడు ఆటోమేటిక్ తీసేసి నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకోండి.

ఈ-సిమ్ ఉంటే మీరనుకున్న ఖరీదైన రోమింగ్ ప్యాక్ అవసరం చాలావరకు తీరిపోతుంది. అయినా తీసుకోవాలనుకుంటే కస్టమర్ కేర్‌ని ‘ఈ ప్యాక్ క్రూయిజ్‌లో పనిచేస్తుందా’ అని అడక్కండి, అవునని చెప్పేస్తారు. ‘ఓడలో ఉండే మారిటైమ్ నెట్‌వర్క్ ఈ ప్యాక్‌లో కలుస్తుందా, కలవకపోతే ఎంబీకి ఎంత?’ అని అడగండి. జవాబు మెయిల్‌లో తీసుకోండి. కొన్ని కంపెనీలు ఓడలకని వేరే ప్యాక్‌లు అమ్ముతాయి. ఓడ వైఫై ధరతో పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

డౌన్‌లోడ్లు ఇంట్లోనే చేసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో రేవు ఊళ్ల మ్యాప్‌లు, ట్రాన్స్‌లేట్‌లో ఇటాలియన్, గ్రీక్, టర్కిష్ భాషలు ఆఫ్‌లైన్‌కి దించుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ మామూలు నాణ్యతలోనే గంటకి దాదాపు 1 జీబీ, హెచ్‌డీలో 3 జీబీ దాకా తాగుతుంది, కాబట్టి పిల్లల సినిమాలు ముందే దింపండి. ఫొటోల బ్యాకప్, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ తిరిగొచ్చేదాకా ఆపేయండి.

డేటాతో సంబంధం లేకపోయినా గడియారం గురించి చెప్పి తీరాలి. ఫ్లైట్ మోడ్‌లో ఫోన్ సమయం తనంతట మారకపోవచ్చు. రేవులో సిమ్ ఆన్ చేస్తే ఆ దేశపు సమయానికి దూకుతుంది. ఓడ సమయం దానితో కలవాలని లేదు. ఇటలీ నుంచి గ్రీస్‌కి వెళ్తే గంట తేడా. చలికాలంలో గ్రీస్‌కి టర్కీకి మధ్య కూడా గంట తేడా ఉంటుంది, ఎండాకాలంలో ఉండదు. తిరిగి ఓడెక్కాల్సిన వేళని ఓడ వాళ్లు చెప్పిన సమయం ప్రకారమే లెక్కపెట్టుకోండి. చేతికి మామూలు వాచీ ఉంటే దాన్ని ఓడ సమయానికి తిప్పి పెట్టుకోండి.

బయల్దేరే ముందు ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని ఐదు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి చూడండి. తమ్ముణ్ని మీకు వాట్సాప్‌లో ఒకసారి, మామూలుగా ఒకసారి కాల్ చేయమనండి. బ్యాంక్ నుంచి ఒక ఓటీపీ తెప్పించుకోండి. ఏది మోగింది, ఏది రాలేదు అన్నది అక్కడే తేలిపోతుంది, సరిచేసుకోవడానికి మీకు ఇంకా టైమ్ ఉంటుంది. నాన్నగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.